తేలుట వైరాగ్యము కాదు



భగవద్గీత పంచమాధ్యాయములో, పదవ శ్లోకమున, భగవానుడు తామరాకును దృష్టాంతముగా చూపినాడు. సంగమును విడిచి, కర్మలను బ్రహ్మార్పణముగా ఆచరించువానిని పాపము అంటదని, అందుకు నీటిలోని తామరాకే సాక్షి అని ఆ శ్లోకమునకు తాత్పర్యము. ఈ ఉపమానమును వినని ఆస్తికుడు లేడు. అయితే సులభముగా అర్థమైనట్లు తోచు ఉపమానములే సులభముగా అపార్థమునకు గురియగుచుండును. "నాకు ఏదీ అంటదు" అను మాటనే వైరాగ్యముగా భావించి కాలము గడుపువారు మన మధ్య అనేకులున్నారు. అట్టివారిలో ఒకనికి, జోరున కురియు వానలో, తేలికైన ఒక రేసుకారు లోపల, ఈ శ్లోకార్థము మరల బోధపడిన వృత్తాంతమిది.

అతని స్వస్థలము నరసరావుపేట సమీప గ్రామము. నాగార్జునసాగరు కుడికాలువ క్రింద నాలుగెకరముల భూమి, మిరప, పత్తి పండించు కుటుంబము. ఇద్దరు అన్నదమ్ములలో అతడు చిన్నవాడు. చదువుకొని చెన్నపట్టణములో ఉద్యోగము సంపాదించినాడు. తండ్రి స్వర్గస్థుడైన పిమ్మట అన్నకును అతనికిని భూమి విషయమై మాటపట్టింపు వచ్చినది. పల్నాటి సీమలో ఇది క్రొత్త సంగతి కాదు. ఒక తండ్రి బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజు గురజాల, మాచర్లలుగా విడిపోయి, కోడిపందెము నెపముగా పగపెంచుకొని, చివరకు కారెంపూడి వద్ద నాగులేటి గట్టున రక్తము ప్రవహింపజేసిన గాథను ఈ సీమలో పసిపిల్లలు సైతము ఎరుగుదురు.

ఈ తమ్ముడు కలహింపలేదు. "నాకు భాగమే వద్దు" అని ఒక్క మాట చెప్పి చెన్నపట్టణమునకు వెడలిపోయినాడు. అక్కడ ప్రాతఃకాలమున లేచి స్నానసంధ్యలు ముగించి, దినమునకు ఒక గీతాధ్యాయము పారాయణ చేయుచుండెడివాడు. మాసమునకు ఒకమారు తల్లికి ధనము పంపెడివాడు. తాను తామరాకువలె ఉన్నానని అతని విశ్వాసము.

కాని భాగము వద్దన్న మాటను అతడు కాగితముపై పెట్టలేదు. విడుదల దస్తావేజు వ్రాయించుటకు రమ్మని అన్న రెండుమార్లు కబురు చేసినాడు. "నేను వాటికి అతీతుడను, నన్ను మరల ఆ గొడవలలోకి లాగవద్దు" అని అతడు రాలేదు. అందువలన పట్టాదారు పాసుపుస్తకము గతించిన తండ్రి పేరుననే నిలిచిపోయినది. బ్యాంకులో పంట ఋణము పుట్టలేదు. అన్న వందకు మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి సేద్యము సాగించుచుండెను. తల్లికి రెండు కన్నులలోను శుక్లములు కమ్మినవి. ఆమె ఫోనులో అన్న మాట ఇది: "డబ్బులు కాదు నాయనా. కళ్ళు మసకలేసినయ్. ఫోన్లో నీ మొగం ఆనట్లేదు. ఒక్కసారి వచ్చిపోరా." అతడు ఆ మాసము కొంత అధికముగా ధనము పంపినాడు.

ఇట్లుండగా కార్తిక శుద్ధములో ఒక శనివారమున సహోద్యోగులు అతనిని ఇరుంగాట్టుకోట్టైకి తీసికొనిపోయిరి. అది చెన్నపట్టణమునకు పడమట, శ్రీపెరుంబుదూరు దాపున ఉన్నది. అచ్చట మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు నిర్మించిన రేసుబాట 1990వ సంవత్సరము నుండి నడచుచున్నది. చుట్టు నిడివి సుమారు 3.7 కిలోమీటర్లు. అంతకు పూర్వము ఈ పందెములు షోలవరములో, పాత విమానముల రన్‌వే మీద జరిగెడివి. వేగము నేర్వగోరువారికి ఈ బాట మీద శిక్షణ ఇచ్చువారున్నారు.

అతనికి ఇచ్చిన వాహనము ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన రేసుకారు. పైకప్పు లేదు, తలుపులు లేవు, అద్దము లేదు. ఇనుపగొట్టముల చట్రము, దానిపై పలుచని తొడుగు, వెనుక ఇంజను, అంతియే. సామాన్య కుటుంబ వాహనముకన్న ఎంతో తేలిక. కాళ్ళు ముందుకు చాచి ఇంచుమించు పడుకొన్నట్లు కూర్చుండవలెను. భూమి అరచేతి దూరములో పరుగెత్తుచున్నట్లుండును. ముందు చక్రములు రెండును కన్నులకు ప్రత్యక్షముగా తిరుగుచుండును. అనవసరమైనది సర్వమును త్యజించిన ఆ వాహనమును చూడగానే అతని మనస్సు అపరిగ్రహమును స్మరించినది. "ఇది సన్న్యాసి వంటి కారు" అని అనుకొన్నాడు.

ఈశాన్య ఋతుపవనముల కాలము. మధ్యాహ్నమునకు ఆకాశము నల్లబడి, వాన ధారాపాతముగా ఆరంభమైనది. పొడిబాట టైర్లు తీసి, లోతైన గాళ్ళు గల వానటైర్లు బిగించిరి. శిక్షకుడు మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, అరువది సంవత్సరములకు చేరువైనవాడు. ఆయన చెప్పిన సూత్రములు స్వల్పములు.

వాననాడు నిత్యము నడచిన గీత మీద నడువరాదు. ఎండలో అందరును పోవు మార్గమున టైర్ల రబ్బరు అంటుకొని, రాయి నునుపుదేలి ఉండును. నీరు పడినచో అదే అన్నిటికన్న జారుడు. కనుక మలుపులో వెలుపలి అంచున, ఎవరును త్రొక్కని గరుకునేలను వెదకికొని పోవలెను. బ్రేకు నేరుగా ఉన్నప్పుడే త్రొక్కవలెను. మలుపు నడుమ భయము కలిగినదని యాక్సిలరేటరు మీది కాలును ఒక్కసారిగా తీయరాదు. తీసినచో భారము ముందుకు వాలి, వెనుక చక్రములు పట్టు కోల్పోవును. పడిపోదుమేమో అను భయముతో చేసిన పనియే పడవేయును. చూపు గోడ మీద నిలుపరాదు, చేరవలసిన చోట నిలుపవలెను. చేతులు చూపు వెంబడి పోవును.

మొదటి చుట్లు నెమ్మదిగా సాగినవి. ముందు చక్రములు విసరు నీరు ముఖకవచముపై తెరవలె పడుచుండెను. ఏడెనిమిది చుట్లు పూర్తియగుసరికి ధైర్యము పెరిగినది. నేరుగా ఉన్న భాగములో వేగమును హెచ్చించినాడు. అక్కడ పల్లములో నీరు నిలిచి ఉన్నది. దానిలోనికి ప్రవేశించిన క్షణమున ఒక విశేషము జరిగినది.

అంతవరకు వినబడుచున్న టైర్ల రొద ఆగిపోయినది. చేతులలో వణకుచున్న స్టీరింగు నిశ్చలమైనది, పూవువలె తేలికైనది. ఇంజను ధ్వని మాత్రము ఏ అడ్డును లేనిదానివలె పైకి లేచినది. ఆ క్షణమున అతనికి కలిగినది భయము కాదు, గొప్ప శాంతి. వాహనము ఇప్పుడు పూర్తిగా తన వశమైనదని భావించినాడు. మలుపు రాగా స్టీరింగును త్రిప్పినాడు. కారు తిరుగలేదు. మరికొంత త్రిప్పినాడు. అది నేరుగానే పోవుచున్నది. ఇంతలో నీరు తగ్గి, చక్రములు మరల నేలను తాకినవి. తాకినంతనే, అవి ఎటు తిరిగి ఉన్నవో అటు కారును విసరినవి. రెండుమార్లు గిర్రున తిరిగి, బాట ప్రక్కన గడ్డిలో, వచ్చిన దిక్కునకు అభిముఖముగా కారు ఆగినది. దేహమునకు గాయము కాలేదు.

శిక్షకుడు గొడుగు లేకయే నడచివచ్చినాడు. కోపించలేదు. "స్టీరింగు తేలికైంది కదూ?" అని అడిగినాడు. అతడు ఔనని తల ఊపినాడు. "తేలికైతే మన మాట వింటున్నట్టు కాదు బాబూ. నేల వదిలేసినట్టు. అప్పుడు తిప్పకూడదు. కాలు మెల్లగా తగ్గించి, చక్రాలు నేరుగా పెట్టుకొని ఉండాలి. మళ్ళీ నేల అందినప్పుడు, తిప్పి ఉంచినవాణ్ణి విసిరేస్తుంది. నేరుగా ఉంచినవాణ్ణి కాపాడుతుంది."

దీని వెనుకనున్న శాస్త్రము కఠినము కాదు. తిరుగుచున్న టైరు తన ముందున్న నీటిని గాళ్ళ ద్వారా ప్రక్కలకు నెట్టివేయుచు, రబ్బరును నేలకు తాకించుచుండును. వేగము మితిమీరినచో నీటికి తొలగుటకు వ్యవధి చాలదు. అది టైరు క్రింద మేకువలె దూరి చక్రమును పైకెత్తును. అప్పుడు చక్రము నేలపై కాక నీటిపై ఉండును. 1960ల దశకమున అమెరికాలోని నాసా పరిశోధకులు విమానచక్రముల విషయములో దీనిని పరీక్షించి, ఈ ప్రమాదవేగము ముఖ్యముగా టైరులోని గాలిపీడనముపై ఆధారపడునని కనుగొనిరి. ఆ లెక్కను అనుసరించి 36 పౌండ్ల పీడనము గల టైరు, నిలిచిన నీటిలో, గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగమున తేలుటకు సిద్ధమగును. పీడనము తగ్గినకొలది ఇంకను ముందే తేలును. తేలిక బండి వెడల్పాటి టైర్లపై మోపు ఒత్తిడి స్వల్పము. కనుక లఘుత్వము ఒక్కటే రక్షణ కానేరదు. భారమును వదలుట ఎంత గుణమో, నేలను వదలుట అంత దోషము.

ఆ సాయంకాలము అతడు మిత్రులతో నగరమునకు మరలలేదు. సమీపముననే ఉన్న శ్రీపెరుంబుదూరునకు పోయి, ఆదికేశవస్వామి సన్నిధిలో కూర్చుండినాడు. అది భగవద్రామానుజులు అవతరించిన క్షేత్రము. తిరుక్కోట్టియూరులో గురువు రహస్యముగా ఉపదేశించిన మంత్రార్థమును, తనకు నరకము ప్రాప్తించినను సరే అని జనులందరికిని ప్రకటించిన మహనీయుడు ఆయన. సంగమును విడిచిన ఆ మహాత్ముడు జనులను విడువలేదు. ఆ సన్నిధిలో కూర్చున్న ఇతనికి తాను రెండవదానిని మాత్రమే విడిచితినని స్ఫురించినది.

తామరాకును గూర్చి అప్పుడు అతడు మరల విచారించినాడు. నీరు ఆకును అంటదు, సత్యము. కాని ఆకు ఎక్కడ ఉన్నది? గట్టు మీద లేదు, గాలిలో లేదు. నీటి నడుమనే ఉన్నది. దాని తూడు అడుగున ఉన్న బురదలోని దుంపను వీడలేదు. వీడిన ఆకు కొన్ని దినములు తేలి, పిదప కుళ్ళును. టైరు సైతము అట్టిదే. నీటిని తొలగించునది నేలను తాకుటకొరకే. రాగద్వేషములు నీరు, స్వధర్మము నేల. వాటిని ప్రక్కలకు నెట్టి ధర్మమును తాకుట వైరాగ్యము. వాటిపైననే తేలుచు, ధర్మస్పర్శ పోయినందున కలిగిన నిశ్శబ్దమును శాంతి అని భ్రమించుట వైరాగ్యము కాదు. అన్నపై గల అలుక అను నీటిమీద తాను ఇన్ని సంవత్సరములు తేలినాడు. తల్లి మాట చేతికి బరువుగా తోచలేదు. ఆ తేలికనే సాధనాఫలమని నమ్మినాడు.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను అశ్వములుగను నిరూపించినది. విషయములే ఆ అశ్వములు నడచు మార్గములని కూడ అక్కడనే చెప్పబడినది. మార్గము లేని రథమును ఉపనిషత్తు వర్ణించలేదు. పగ్గము చేతిలో తేలికైన మాత్రమున అశ్వములు వశమైనవని తలచరాదు. పగ్గము తెగినను తేలికగానే ఉండును గదా!

మోటారు పందెముల చరిత్రలో దీనికి ఒక గొప్ప ఉదాహరణము కలదు. జిమ్ క్లార్క్ స్కాట్లండు దేశపు రైతు, గొఱ్ఱెల మందలు గల కుటుంబమువాడు. 1963 జూన్‌లో బెల్జియములోని స్పా బాట మీద అతడు నడపిన కారు పేరు లోటస్ 25, అనగా పద్మము. ఆ కాలమునకు అత్యంత లఘువైన వాహనములలో అది ఒకటి. ఆ బాట అతనికి ఏమాత్రము ఇష్టము లేనిది. 1960లో అచ్చటి పందెమున ఇద్దరు చోదకులు మరణించిరి, వారిలో ఒకడు క్లార్క్ జట్టువాడే. 1963లో కుండపోతగా వాన కురిసినది. దానికి తోడు గేరు నిలువక జారిపోవుచుండగా, ఒక చేతితో గేరు కడ్డీని అదిమిపట్టి, రెండవ చేతితో స్టీరింగును నడపుచు, ద్వితీయునికన్న దాదాపు ఐదు నిమిషములు ముందుగా గమ్యము చేరినాడు. 1962 నుండి 1965 వరకు వరుసగా నాలుగు సంవత్సరములు, తనకు ఇష్టము లేని ఆ బాట మీదనే అతడు విజేత. ఇష్టాయిష్టములు అతనికిని ఉన్నవి. అవి చక్రమునకును బాటకును నడుమ చేరకుండునట్లు చూచుకొన్నాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్ బాట మీద ప్రమాదములో మరణించినాడు. అభ్యాసము మనుజుని సిద్ధపరచును గాని కాలమునకు అతీతుని చేయదు. కనుకనే చేయవలసిన పనిని వాయిదా వేయరాదు.

మరునాటి రాత్రి రైలుకు అతడు నరసరావుపేట బయలుదేరినాడు. దారి పొడవునను అతని మనస్సు అన్నకు చెప్పవలసిన సమాధానములను కూర్చుచుండెను. నేను భాగము అడిగితినా? ప్రతి మాసము ధనము పంపలేదా? అప్పుడు శిక్షకుని మాట జ్ఞప్తికి వచ్చినది. చక్రములు త్రిప్పి ఉంచి నేలను తాకినవానిని నేల విసరివేయును. ఊరు చేరులోపల ఆ వాదములన్నిటిని ఒక్కొక్కటిగా విడిచినాడు.

అన్న వాకిట మిరపమొక్కలకు మందు కలుపుచుండెను. "వచ్చావా" అని మాత్రము అన్నాడు, తల ఎత్తలేదు. తమ్ముడు "దస్తావేజు రాయిద్దాం అన్నయ్యా, ఎప్పుడంటే అప్పుడు వస్తా" అన్నాడు. అన్న చాలసేపు మాటలాడలేదు. తరువాత పలికిన పలుకులు కఠినముగనే ఉన్నవి. వడ్డీలెక్క చెప్పినాడు. తల్లి రాత్రివేళ గడప తగిలి పడిన సంగతి చెప్పినాడు. తమ్ముడు వినినాడు. ప్రతి మాటయు బరువుగా చేతికి తగిలినది. ఆ బరువును అతడు తప్పించుకొనలేదు.

ఆ వారములోనే రిజిస్ట్రారు కచేరీలో విడుదల దస్తావేజు పూర్తియైనది. తల్లికి ఒక కంటికి శస్త్రచికిత్స జరిగినది. కట్టు విప్పిన నాడు ఆమె మొదట చిన్న కుమారుని ముఖమును రెండు చేతులతో పట్టుకొని చూచినది. "చిక్కావేంరా" అన్నది.

కార్తిక పూర్ణిమనాడు ముగ్గురును కోటప్పకొండకు పోయిరి. సన్నని తుంపర పడుచుండెను. అన్న యొక్క పాత కారును తమ్ముడు నడపినాడు. ఘాటు మార్గము ఎక్కుచుండగా, తల్లి ఆనందవల్లి కథ చెప్పనారంభించినది. నిత్యము కొండనెక్కి శివుని సేవించిన గొల్లభామ ఆమె. గర్భవతియై కొండ నెక్కలేక, నీవే క్రిందికి రమ్మని స్వామిని ప్రార్థించినది. నీవు ముందు నడువుము, నేను వెంట వత్తును, వెనుదిరిగి చూడకుము అని స్వామి అనుగ్రహించినాడు. నడుమ ఆమె వెనుకకు చూచినది. స్వామి అక్కడనే, బ్రహ్మశిఖరమున, లింగరూపుడై నిలిచినాడు. అందరును చెప్పునట్లు ఇది ఆమె పొరపాటు కథయే. కాని తల్లి వేరుగా ముగించినది. "చూసిందని వదిలి పోలేదు గదరా. చూసిన చోటే ఉండిపోయాడు."

వెనుక కూర్చున్న అన్న అప్పుడు మొదటిసారి తానుగా మాటలాడినాడు. "మలుపుంది, నిదానం" అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. తడిసిన రాతిబాట మీద టైర్ల రొద స్పష్టముగా వినబడుచుండెను. స్టీరింగు చేతులలో కొంచెము బరువుగానే ఉన్నది. ఆ బరువు, ఆ రొద ఉన్నంతవరకు చక్రములు నేలను విడువలేదని అతనికి తెలియును.

సాధకులారా, మనస్సు మిక్కిలి తేలికగా, నిశ్శబ్దముగా ఉన్న దినమున ఒక్క ప్రశ్న వేసికొనవలెను. ఇది నీటిని తొలగించినందున కలిగిన శాంతియా, నేలను విడిచినందున కలిగిన శాంతియా? సమాధానము ధ్యానములో దొరకకపోవచ్చును. ఇంటికి ఫోను చేసినచో దొరకును.

శ్రీ త్రికోటేశ్వరార్పణమస్తు.